బెజవాడ రూముల్లో ఉండేవాళ్లకి: తక్కువ ఖర్చులో సరిగ్గా తినడం, రోజుకి 20 నిమిషాలు ఒళ్లు వంచడం ఎలా?

"పొద్దున తొమ్మిదికి షాపుకెళ్తే రాత్రి తొమ్మిదిన్నరకి రూముకొస్తా. జీతం అంతంత మాత్రం. జిమ్‌కి కట్టే స్తోమత లేదు. పొట్ట చూస్తే ముందుకొస్తోంది. ఏం తినాలి, ఎప్పుడు వ్యాయామం చేయాలి?" అని అడిగేవాళ్లు చాలామంది. బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో నిలబడి పనిచేసేవాళ్లు, ఆటోనగర్ వర్క్‌షాపుల వాళ్లు, గవర్నర్‌పేట ల్యాబుల్లో చేసేవాళ్లు, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకి చదివేవాళ్లు, అందరి ప్రశ్నా ఇంచుమించు ఇదే. అందుకే అంతా ఒకచోట వరసగా రాస్తున్నాను. గుంటూరులో ఉన్నా ఇదే పద్ధతి, బజారు పేర్లు మార్చుకుంటే చాలు.

మీ తిండిని పాడుచేసేది పొద్దుటి ఇడ్లీ కాదు, మధ్యాహ్నం అన్నం కూడా కాదు. సాయంత్రం ఆరింటికి వేసే ఆకలి. ఆ గంటకి చేతిలో ఏమీ లేకపోతే పునుగుల బండి దగ్గర ఆగుతారు, దాంతో రాత్రి భోజనం పదింటికి జరుగుతుంది, మర్నాడు పొద్దున లేవలేరు. కింద రాసిన అడుగులన్నీ ఆ గంటని దాటించడం కోసమే.

ముందుగా ఒక జాగ్రత్త. షుగరు, బీపీ, కిడ్నీ, గుండె సమస్యలు ఉన్నవాళ్లు, గర్భిణులు ఇందులో ఏది మొదలుపెట్టాలన్నా డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టండి. ముఖ్యంగా కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు పప్పులు, గుడ్లు సొంతంగా పెంచుకోకూడదు.

కావలసినవి

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఐదు లీటర్ల కుక్కరు, అందులో ఒకదాని మీద ఒకటి పట్టే రెండు గిన్నెలు. మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలు రెండు. కొలతకి 100 మిల్లీలీటర్లు పట్టే టీ గ్లాసు, నూనెకి ఒక టీ చెంచా. దర్జీ దగ్గర ఉండే కొలత టేపు. రెండు లీటర్ల ఖాళీ నీళ్ల బాటిళ్లు, పాత కాలేజీ బ్యాగు. అంతే.

ఒక మనిషికి వారానికి సరుకులు ఇవి:

- బియ్యం కిలోన్నర, రాగిపిండి పావుకిలో
- కందిపప్పు 300 గ్రాములు
- శనగలు లేదా పెసలు పావుకిలో (ఉలవలైనా సరే)
- పల్లీలు 200 గ్రాములు
- గుడ్లు 14
- రోజూ పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు
- కూరగాయలు రెండు కిలోలు, ఆకుకూర ఐదారు కట్టలు
- అరటిపళ్లు, జామకాయలు కలిపి కిలో
- నూనె 200 మిల్లీలీటర్లు, అంతకు మించకుండా

ఇవి చాలతాయా అని అనుమానం వద్దు, లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. రెండు గుడ్లలో 12, 40 గ్రాముల కందిపప్పులో 9, 35 గ్రాముల శనగల్లో 7, గుప్పెడు పల్లీల్లో 6, పాలూ పెరుగులో 9, 200 గ్రాముల బియ్యంలో 15. మొత్తం 58 దాకా వస్తుంది. కాబట్టి ప్రోటీన్ పౌడర్ డబ్బా కొనాలా అని ఇక అడగకండి. ఆ డబ్బా డబ్బుతో నెలల తరబడి గుడ్లు వస్తాయి.

గుడ్డు తినని వాళ్లకి మీల్ మేకర్ ఉంది. 25 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో రెండు గుడ్లంత ప్రోటీన్ ఉంటుంది. వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, కూరలో వేసుకోండి. పిండకుండా వేస్తే ఆ వాసనకే మళ్లీ ముట్టుకోరు.

1. మూడు రోజులు రాసుకోండి, ఏమీ మార్చకండి

ఫోనులోనో చిన్న పుస్తకంలోనో మూడు విషయాలు రాయండి: ఏం తిన్నారు, ఎన్ని గంటలకి, ఎంతయింది. టీలు కూడా రాయాలి. చాలామంది లెక్క ఇక్కడే తప్పుతుంది. రోజుకి నాలుగు టీలు, ఒక్కోటి పది రూపాయలైనా నెలకి 1,200. టీకి రెండు చెంచాల చక్కెర వేస్తే రోజుకి 40 గ్రాముల చక్కెర ఒంట్లోకి పోయినట్టే. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా రోజుకి రెండు గుడ్లకి నెలకి అయ్యేది 420. టీలు పూర్తిగా మానేయమనడం లేదు, బెజవాడలో పనిచేసే మనిషికి ఆ మాట చెప్పినా వినడు. నాలుగుని రెండు చేసి, చక్కెర ఒక చెంచాకి దించండి. గుడ్ల డబ్బు అక్కడే దొరికింది.

2. ఆదివారం రైతుబజారు

పటమటలాంటి రైతుబజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. ముందు బోర్డు చదివి, ఆ రోజు ఏవి చవగ్గా ఉన్నాయో వాటినే కొనండి. "ఈ వారం బీన్స్ తినాలి" అని ఇంటి దగ్గర నిర్ణయించుకుని వెళ్తే జేబుకి చిల్లు. సొర, బీర, దొండ, దోస, వంకాయల్లో ఏదో ఒకటి ఎప్పుడూ అందుబాటు ధరలో ఉంటుంది. ఆకుకూరల్లో తోటకూర, పాలకూర, బచ్చలి, గోంగూర.

పళ్ల దగ్గర ఆపిల్ వైపు చూడక్కర్లేదు. విటమిన్ సి జామకాయలో నారింజ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. చక్కెరకేళి ధర ఎక్కువనిపిస్తే కర్పూర అరటి తీసుకోండి.

ఫ్రిజ్ లేని రూముల్లో ఇలా చేయండి. ఆకుకూరని తడిగుడ్డలో చుట్టి రెండు రోజుల్లో వాడేయండి. సొర, బీర, వంకాయ తర్వాతి రెండు రోజులకి. దోసకాయ, కంద, చేమ, గుమ్మడి వారం చివరికి. ఎండాకాలంలో గుడ్లు ఒకేసారి 14 కొనకండి, ఆరేసి చొప్పున తెచ్చుకోండి. అనుమానం ఉంటే గిన్నెడు నీళ్లలో వేయండి, పూర్తిగా పైకి తేలిన గుడ్డుని పారేయాల్సిందే. గుడ్ల రేటు రోజూ మారుతుంటుంది, విజయవాడకి విడిగా రోజువారీ రేటు ప్రకటిస్తారు. అది చూసుకుని కొంటే షాపువాడు ఎంత వేస్తున్నాడో తెలుస్తుంది.

చేపలు తినేవాళ్లు ఆదివారం అరకిలో బొచ్చె గానీ శీలావతి గానీ తెచ్చుకోవచ్చు. కైకలూరు వైపు చెరువులు దగ్గరే కాబట్టి మన ఊళ్లో చేపకి కరువు లేదు. పులుసు పెట్టుకోండి. వేపుడు చేస్తే వారానికి సరిపడా నూనె ఒక్క పూటకే అయిపోతుంది.

3. రాత్రి పడుకునే ముందు నానబెట్టండి

అర టీ గ్లాసు శనగలు కడిగి, మూడింతలు నీళ్లు పోసి పెట్టండి. మర్నాటి సాయంత్రం సరుకు ఇదే. ఎనిమిది గంటలు నానితే చాలు. మే నెలలో అంతకంటే ఎక్కువసేపు వదిలేస్తే నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది.

మొలకలు ఇష్టమైతే పెసలు గుడ్డలో కట్టుకోవచ్చు. కానీ ఉక్కపోత రోజుల్లో పచ్చి మొలకలు తినకండి. తడి, వేడి కలిసినచోట మొలకతో పాటు సూక్ష్మజీవులూ పెరుగుతాయి. ఐదు నిమిషాలు ఉడికించి తినండి.

4. పొద్దున ఒకే కుక్కరు, పాతిక నిమిషాలు

కుక్కరు అడుగున రెండు గ్లాసుల నీళ్లు. కింది గిన్నెలో అర టీ గ్లాసు కందిపప్పు, మూడింతలు నీళ్లు, తరిగిన తోటకూర, రెండు పచ్చిమిరపకాయలు, చిటికెడు పసుపు. పై గిన్నెలో బియ్యం, దానికి రెండింతలు నీళ్లు. మూత పెట్టి నాలుగు విజిల్స్ రానివ్వండి. ఈలోగా స్నానం చేసి రావచ్చు. పక్క పొయ్యి ఉంటే దాని మీద రాత్రి నానిన శనగలు, గుడ్లు. ఒకే పొయ్యి అయితే కుక్కరు దించాక శనగలు పెట్టండి.

పప్పులో ఉప్పు, చింతపండు రసం చివర్లో వేయండి. చింతపండు ముందే పడితే పప్పు గట్టిగా ఉండిపోతుంది, మీరు ఎన్ని విజిల్స్ ఇచ్చినా మెత్తబడదు. తాలింపుకి ఒక్క చెంచా నూనె సరిపోతుంది: ఎండుమిర్చి, ఆవాలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు. ఆవాలు చిటపటలాడాక వెల్లుల్లి వేసి, అంచులు ఎర్రబడేదాకా ఆగితే నూనె తక్కువైన సంగతి నాలుకకి తెలియదు.

పొద్దుటి పప్పుని రాత్రికి దాచకండి. మన ఎండలకి డబ్బాలో మధ్యాహ్నం రెండు దాటితే పప్పు పులిసే ప్రమాదం ఉంది. డబ్బాలో వేడివేడిగా పెట్టి మూత బిగించడం కూడా తప్పే, కాస్త ఆరనిచ్చి పెట్టండి.

పొద్దున్నే వండే ఓపిక లేని రోజుకి చద్దన్నం ఉంది. రాత్రి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగుతో తోడు వేయండి. పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినేయండి. దాంతో పాటు ఒక ఉడికించిన గుడ్డు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి అనరు. వండిన అన్నం గోరువెచ్చగా ఉండగానే తోడు పెట్టాలి. రాత్రంతా బయట ఉన్న అన్నంలో పొద్దున పెరుగు కలుపుకుంటే అది చద్దన్నం కాదు, పాసిపోయిన అన్నమే.

రాగిజావ కాస్తే చక్కెర, బెల్లం వేయకండి. మజ్జిగ, ఉప్పు కలుపుకోండి. పొద్దున్నే రోడ్డు పక్క అంబలి అమ్మే బండ్లు కనిపిస్తాయి. టిఫిను మానేసే రోజున బయట తినేవాటిలో అది మంచి బేరం.

5. కంచంలో అన్నం ఒక్కసారే పెట్టుకోండి

మనవాళ్ల భోజనంలో అన్నం లెక్క ఎందుకు తప్పుతుందో గమనించారా? పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, సాంబారులోకి ఒకసారి, మజ్జిగలోకి మరోసారి అన్నం కొత్తగా పెట్టుకుంటాం. ఒక్కోసారి కొంచెమే అనిపిస్తుంది, నాలుగూ కలిస్తే కంచం నిండా అవుతుంది.

ఒక టీ గ్లాసు బియ్యంతో వండిన అన్నాన్ని ఒకేసారి పెట్టుకుని దాన్నే నాలుగు భాగాలు చేసుకోండి. దానికి తగ్గట్టు పప్పు, కూర పెంచండి. అన్నం తగ్గించి పప్పు పెంచకపోతే నాలుగింటికే కడుపులో ఎలుకలు పరిగెడతాయి, ఆ తర్వాత నన్ను తిట్టుకుంటారు. మూటలు మోసేవాళ్లు, రోజంతా సమ్మెట కొట్టేవాళ్లు అన్నం తగ్గించక్కర్లేదు, వాళ్లకి పప్పు పెరిగితే చాలు.

కారం గురించి గుంటూరు వాళ్లు భయపడుతూ అడుగుతారు. కడుపులో మంట, అల్సరు లేనివాళ్లకి కారం పెద్ద సమస్య కాదు. కారంతో పాటు లోపలికి పోయే ఉప్పు, నూనె సమస్య. రోజు మొత్తానికి ఉప్పు ఐదు గ్రాములు, అంటే ఒక టీ చెంచా దాటకూడదంటారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడం, వడియం అన్నీ ఒకే పూట ఉంటే ఆ చెంచా అక్కడే నిండిపోతుంది. పూటకి ఏదో ఒకటి పెట్టుకోండి.

ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోండి, భోజనానికి అటూ ఇటూ గంటసేపు టీ తాగకండి. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టాలంటే ఈ రెండూ చేయాలి. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

6. సాయంత్రం ఆరు గంటలు

ఇక్కడ గెలిస్తే మిగతావన్నీ తేలిక. పొద్దున ఉడికించిన శనగల్ని నీళ్లు పూర్తిగా వంపేసి, ఉప్పు చల్లి, పొడిగా డబ్బాలో పెట్టుకోండి. ఉల్లిపాయ ముక్కలు అందులో ముందే కలపకండి, నీరు ఊరి పాడవుతాయి. ఉల్లిపాయ, నిమ్మచెక్క విడిగా చిన్న కవరులో పెట్టుకుని తినేముందు కలుపుకోండి.

తినే సమయం ఐదు, ఐదున్నర. ఆరింటికి కాదు. ఆకలి వేశాక తింటే గుగ్గిళ్లూ తింటారు, ఆ తర్వాత వెళ్లి పునుగులూ తింటారు. కౌంటరు మీద నుంచి కదలడానికి వీల్లేని ఉద్యోగమైతే జేబులో వేయించిన పల్లీలు గుప్పెడు పెట్టుకుని రెండు నిమిషాల్లో కానివ్వండి. దానిమీద గ్లాసుడు నీళ్లు.

మే నెలలో పొద్దున ఉడికించినవి సాయంత్రానికి జిగురు తేలుతాయి. అప్పుడు రోజూ శనగలు తీసుకెళ్లకుండా బయట కొనుక్కోండి: ఉడికించిన వేరుశనక్కాయలు, కాల్చిన మొక్కజొన్న పొత్తు, టిఫిన్ బండి దగ్గర ఉడికించిన గుడ్డు. మరమరాల మిక్చరు అయితే నూనె, కారప్పూస లేకుండా కలపమని చెప్పండి.

మిరపకాయ బజ్జీ మాటేమిటంటారా? వారానికి ఒకసారి, రెండు, గుగ్గిళ్లు తిన్న తర్వాత. ఖాళీ కడుపుతో బండి దగ్గర నిలబడితే ప్లేటుతో ఆగేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

7. రాత్రి: కర్రీ పాయింటు, మెస్సు, అన్న క్యాంటీన్

రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చి కూర వండమని ఎవరికీ చెప్పను. అన్నం ఒక్కటి పెట్టుకుని కర్రీ పాయింటుకి వెళ్లండి. కాకపోతే ఇలా కొనండి.

ఇంటి నుంచి స్టీలు డబ్బా తీసుకెళ్లండి. మరిగే సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవరులో పోయించుకోవడం మంచిది కాదు. పైగా డబ్బాలో పోస్తే ఎంత పోశాడో కంటికి కనిపిస్తుంది. కొనేటప్పుడు మొదటి చూపు పప్పు మీద, తర్వాత ఆకుకూర, తర్వాత సాంబారు. దొండకాయ వేపుడు, ఆలూ వేపుడు చూడ్డానికి కూరగాయే, కానీ నూనెలో మునిగి తేలినవి. గుత్తివంకాయ కొన్నారా, డబ్బాని పది నిమిషాలు కదపకుండా ఉంచి పైకి తేలిన నూనెని చెంచాతో తీసేయండి. రెండు మూడు చెంచాలు వచ్చినా ఆశ్చర్యపోకండి.

ఒక పప్పు, ఒక కూర ఇద్దరు పంచుకుంటే ఖర్చు సగమవుతుంది. మీ వంతుకి ఉడికించిన గుడ్డు, కప్పు పెరుగు కలపండి.

అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. పూటకి ఐదు రూపాయలు. మధ్యాహ్నం అన్నం, కూర, పప్పు లేదా సాంబారు, పెరుగు పెడతారు. ఆ ధరకి దీన్ని మించిన భోజనం బజార్లో లేదు. మొహమాటపడకండి. మీ చేతి నుంచి ఒక గుడ్డు, ఒక జామకాయ కలిపితే సరిపోతుంది.

టిఫిన్ సెంటరులో పూరీ కంటే ఇడ్లీ మేలు, ఇడ్లీ కంటే పెసరట్టు మేలు. పెసరట్టుకి "నూనె తగ్గించి కాల్చు బాబాయ్" అని ముందే చెప్పండి, పెనం మీద పడ్డాక చెప్పి లాభం లేదు. ఉప్మా పెసరట్టు మాత్రం టిఫిను కాదు, భోజనం కింద లెక్క.

హాస్టల్ మెస్సులో తినేవాళ్లకి వండుకునే వీలుండదు. వాళ్లు మెస్సు తిండికి మూడు కలుపుకోవాలి: గుడ్డు, పల్లీలు, ఏదో ఒక పండు. ఎలక్ట్రిక్ కెటిల్‌లో గుడ్లు ఉడికించే అలవాటు హాస్టళ్లలో ఉంది. వార్డెన్ ఒప్పుకుంటేనే చేయండి, పైగా గుడ్డు పగిలిన రోజున ఆ కెటిల్ వాసన వారం పోదు.

8. వ్యాయామం: మూడు రోజులు బలానికి, మిగతా రోజులు నడక

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన కదలిక, దానికి తోడు రెండు రోజులైనా కండరాలకి పని. ఒకేసారి గంట దొరకాలని చూస్తే ఈ జన్మలో మొదలుపెట్టరు. పది నిమిషాల ముక్కలైనా లెక్కలోకి వస్తాయి.

నడక. ఎంత వేగంగా అంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. షేర్ ఆటో దిగాల్సిన చోటుకి ఒక స్టాపు ముందే దిగి నడిస్తే పది రూపాయలూ మిగులుతాయి. బందరు రోడ్డులో ఇందిరాగాంధీ స్టేడియం వైపు, కృష్ణ ఘాట్ల వెంట పొద్దున్నే నడిచేవాళ్లు ఉంటారు, తోడు దొరుకుతుంది. ఎంత దూరం నడిచారో తెలుసుకోవడానికి ప్రకాశం బ్యారేజీ మంచి కొలబద్ద. పొడవు సుమారు 1,223 మీటర్లు, అంటే ఆ చివరికి పోయి వస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు. ఫుట్‌పాత్ మీదే నడవండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

బలం. రూములో, చాప మీద, 20 నిమిషాలు. ఐదు నిమిషాలు చేతులూ కాళ్లూ వదులు చేసుకుని ఈ వరసలో చేయండి:

- బస్కీలు 12. వెనకాల ప్లాస్టిక్ కుర్చీ పెట్టుకోండి. పిరుదులు కుర్చీకి ఆనీ ఆనగానే లేవాలి. మడమలు నేల వదలకూడదు, మోకాళ్లు లోపలికి ముడుచుకోకుండా కాలివేళ్ల వైపే చూడాలి.
- దండీలు 8. నేల మీద రాకపోతే గోడకి, తర్వాత మంచం పట్టెకి చేతులు ఆనించి మొదలుపెట్టండి. నడుము కిందికి జారిపోతుంటే ఆ సంఖ్య దగ్గరే ఆపేయండి.
- బ్యాగు లాగడం, చేతికి 10. బ్యాగులో రెండు లీటర్ల నీళ్ల బాటిళ్లు రెండు పెడితే నాలుగు కిలోలు. ఒక చేయి కుర్చీ మీద ఆనించి వంగి, రెండో చేత్తో బ్యాగుని పక్కటెముకల దాకా లాగండి. వీపు చదునుగా ఉండాలి.
- మోచేతుల మీద పలకలా నిలవడం (ప్లాంక్), 20 సెకన్లు.

ఇది ఒక చుట్టు. నిమిషం ఆగి మళ్లీ, మొత్తం మూడు చుట్లు. మొదటి వారం మాత్రం ఒక్క చుట్టుతో ఆపండి. ఇంకా ఓపిక ఉన్నా సరే ఆపాలి. మొదటి రోజే మూడు చుట్లు చేసి, మర్నాడు షాపు మెట్లు దిగలేక, "నాకు పడదు" అని మానేసేవాళ్లే ఎక్కువ. తర్వాత ఒక్కోదాని సంఖ్యని వారానికి ఒకటి రెండు పెంచుకుంటూ పోండి. బస్కీలు 15 సులువైపోతే బ్యాగుని గుండెకి ఆనించి పట్టుకుని చేయండి.

20 లీటర్ల నీళ్ల టిన్ను మూడో అంతస్తుకి మోయడం కూడా వ్యాయామమే కదా అంటారు. అవును, కానీ ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచి, టిన్నుని ఒంటికి దగ్గరగా పట్టుకుంటేనే. లేకపోతే నడుం పట్టేస్తుంది.

రోజంతా నిలబడేవాళ్లకి ఒక మాట. పది గంటలు కౌంటరు దగ్గర నిలబడటం అలసట, అది వ్యాయామం కింద రాదు. గంటకోసారి మడమలు ఇరవైసార్లు లేపి దించండి. రూముకొచ్చాక కాళ్లు గోడకి చేరవేసి పది నిమిషాలు పడుకోండి. బస్కీలు సెలవు రోజుకి పెట్టుకుని, పని రోజుల్లో దండీలు, బ్యాగు చేయండి.

పొద్దున చీకటితో బయటికి వెళ్లడానికి ఇబ్బంది ఉన్న ఆడవాళ్లు సూర్యనమస్కారాలు ఆరుతో మొదలుపెట్టి పన్నెండు దాకా పెంచుకోవచ్చు. పై అంతస్తు రూముల్లో స్కిప్పింగ్ వద్దు, కింద ఉండే ఓనరు ఆంటీతో మాట వస్తుంది.

ఎండ గురించి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున ఆరున్నరలోపు ముగించండి, లేదా రాత్రి ఎనిమిది తర్వాత. వెళ్లేముందు ఉప్పు వేసిన మజ్జిగ ఒక గ్లాసు. కళ్లు తిరగడం, తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే వెంటనే నీడకి చేరి, ఒళ్లు తడుపుకుని, నీళ్లు తాగండి. మాట తడబడినా, స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయాలి, "కాసేపట్లో తగ్గుతుందిలే" అని కూర్చోకూడదు.

9. చాలామంది చేసే పొరపాట్లు

అన్నం పూర్తిగా మానేసి చపాతీల మీద పడటం. నాలుగు చపాతీలు, ఒక్కోదానికి చెంచా నూనె, పైగా ఆలూ కుర్మా. అన్నం తిన్నా ఇంతకంటే నయం.

డైజెస్టివ్ బిస్కెట్లు, పళ్లరసాలు "హెల్త్" అనుకోవడం. రసంలో పీచు పోయి చక్కెర మిగులుతుంది. పండు తినండి, చవక కూడా.

పొద్దున టిఫిను మానేసి ఖర్చు మిగిలిందనుకోవడం. ఆ డబ్బు సాయంత్రం బండివాడికి వడ్డీతో చేరుతుంది.

అర్ధరాత్రి దాకా రీల్స్ చూసి, ఐదింటికి అలారం పెట్టుకోవడం. నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి ఎక్కువ వేస్తుంది. ఆరు గంటల నిద్ర కూడా లేని రోజు వ్యాయామం వదిలేసి పడుకోండి.

రోజూ బరువు చూసుకుని టెన్షన్ పడటం. ముందురోజు ఆవకాయ ఎక్కువ తిన్నా మర్నాడు కాటా కాస్త ఎక్కువే చూపిస్తుంది. అది నీరు.

10. ఫలితం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

టేపుతో మొదలుపెట్టండి. ఆదివారం పొద్దున, ఏమీ తినకముందు, పొట్ట లోపలికి లాక్కోకుండా, ఊపిరి వదిలి బొడ్డు దగ్గర కొలవండి. మన దేశంలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలంటారు. వారానికొకసారి రాసుకోండి. బరువు కూడా అప్పుడే, అదే కాటా మీద.

నాలుగు వారాలకి నడుము కొలత కదలకపోతే రెండు చోట్ల వెతకండి: నూనె, రాత్రి అన్నం. నూనె సంగతి తేల్చడం తేలిక. లీటరు ప్యాకెట్టు కత్తిరించిన రోజున దానిమీద తేదీ రాయండి. ఒక్కరే వండుకుంటుంటే నెల దాటి రావాలి. ఇరవై రోజులకే అయిపోతే కారణం దొరికినట్టే. ప్యాకెట్టు సరిగ్గానే వస్తున్నా తేడా లేకపోతే బయట తిన్న నూనె మీద అనుమానపడండి.

వారానికి కిలో కంటే ఎక్కువ తగ్గుతుంటే సంతోషపడకండి, తిండి చాలట్లేదని అర్థం. పప్పు, పల్లీలు పెంచండి. ముందే బక్కగా ఉన్నవాళ్లు అన్నం కొలత వదిలేసి, పాలు, అరటిపండు, పల్లీలు రోజుకి రెండోసారి తీసుకోండి.

బలం పెరిగిందో లేదో మెట్లు చెబుతాయి. మూడు అంతస్తులు ఎక్కి నిలబడి, ఆయాసం తగ్గడానికి ఎంతసేపు పడుతుందో ఫోనులో చూసి రాసుకోండి. నెల తర్వాత మళ్లీ చూడండి. ఇక డబ్బు సంగతి: మొదటి మూడు రోజుల లెక్క ఉంది కదా, నెలాఖరున మళ్లీ మూడు రోజులు రాసి పక్కన పెట్టండి.

నీరసం, ఆయాసం తగ్గకపోతే ఇంకా ఎక్కువ తినడం కాదు, ప్రభుత్వాసుపత్రికి వెళ్లి హిమోగ్లోబిన్, షుగరు పరీక్ష చేయించుకోండి.

నైట్ షిఫ్టు వాళ్లు గడియారం చూడకుండా నిద్ర నుంచి లెక్కపెట్టుకోండి. లేచిన గంటలో మొదటి తిండి, ఆ తర్వాత వ్యాయామం. డబ్బాలో గుగ్గిళ్లు రాత్రి ఒంటిగంటకి. తెల్లవారుజామున డ్యూటీ దిగి వేడి వేడి పూరీ తిని పడుకోవడం మాత్రం మానుకోండి, చద్దన్నమో ఇడ్లీనో తిని పడుకోండి.

సంక్రాంతికో దసరాకో ఊరెళ్లి పది రోజులు అన్నీ వదిలేశారనుకోండి. అరిసెలు తిన్నందుకు ఉపవాసాలు వద్దు. వచ్చిన రోజే రాత్రి శనగలు నానబెట్టండి, వ్యాయామం మీరు ఆపిన సంఖ్యలో సగం నుంచి మొదలుపెట్టండి, రెండో వారానికి పాత సంఖ్యకి వచ్చేస్తారు.